పండుగనాడు తోమిన కప్పు

వోల్టేజి మీటరు ముల్లు ఎర్ర గీతకు సగం దూరం కూడా పోకముందే ట్యూబు లోపల ఠప్పుమని నీలం నిప్పు లేచింది. ముల్లు గిర్రున వెనక్కి తిరిగి సున్నా మీద పడింది. రాజయ్య గుండె కూడా దానితోపాటే పడింది.

"ఇంకోసారి ఎక్కియ్యి," అన్నాడు మునిస్వామి.

ఇంకోసారి ఎక్కించాడు. ఇంకోసారి ఠప్పు. ఈసారి ఇంకా తక్కువలోనే.

హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక, ఎవరూ తొంగి చూడని సందులో ఉన్న రేకుల షెడ్డు అది. యజమాని మునిస్వామిది చిత్తూరు జిల్లా. ఆసుపత్రుల్లో పాడైపోయిన ఎక్స్‌రే ట్యూబులు తెచ్చి, విప్పి, లోపలి భాగాలు మార్చి, గాలంతా లాగేసి మళ్ళీ మూసి ఇవ్వడం ఆయన పని. రాజయ్యది జనగామ దగ్గరి పల్లె. షెడ్డు తెరిచిన నాటి నుంచీ అక్కడే ఫిట్టరు. లెక్కలేనన్ని ట్యూబులు అతని చేతుల మీదుగా పోయాయి. ఈ ఒక్క ట్యూబు మీద మాత్రం సాయమ్మ ప్రాణం ఆధారపడి ఉంది.

సాయమ్మ అతని భార్య. దవడ కింద గడ్డ లేస్తే కోసి తీశారు. లోపల మిగిలిన దాని వేళ్ళను మాడ్చడానికి ధర్మాసుపత్రిలో కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. కరెంటంటే ఎక్స్‌రే, ఆ ఆసుపత్రి వరండాలో కూర్చునే పేదాసాదా అందరూ దాన్ని అలాగే అంటారు. సగం పెట్టేసరికి మిషన్‌లో ట్యూబు పోయింది. పెద్దాసుపత్రికి పోతే వరస ఎప్పటికొస్తుందో చెప్పలేమన్నారు. "మధ్యలో ఆపితే అది మళ్ళీ ప్రాణం పోసుకుంటుందయ్యా, తొందరపడండి," అని డాక్టరు రాజయ్య భుజం పట్టుకుని మరీ చెప్పాడు. ఆ ట్యూబు బాగుకోసం తిరిగి తిరిగి తన షెడ్డుకే వచ్చిందంటే దేవుడే పంపాడనుకున్నాడు రాజయ్య. ఇప్పుడా దేవుణ్ణి ఏమనాలో అతనికి తోచడం లేదు.

అది రెండువేల పదకొండు, దసరా వెళ్ళిన వారం. సకల జనుల సమ్మె జోరుగా నడుస్తోంది. బడులు మూత, బస్సులు బంద్, గనుల్లో బొగ్గు తవ్వే నాథుడు లేడు. బొగ్గు లేక కరెంటు కూడా లేదు. దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది, ఇష్టమొచ్చినప్పుడు పోతుంది. రాజయ్య తమ్ముడు సింగరేణిలో సమ్మెలోనే ఉన్నాడు. రాజయ్య కూడా మెడలో కండువా వేసుకుని మూసాపేటలో రోడ్డు మీద వంటావార్పుకు కూర్చొచ్చినవాడే. మునిస్వామికి ఆ సంగతి తెలుసు. ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. ఇవాళ కడుపులో ఉన్నదంతా బయటపడింది.

"పండగ ముందర ట్యూబులో పెట్టే ఆ కప్పు నేనే చూసినా. నీళ్ళ మాదిరి నున్నగా ఉండె. పండగ అయినాక నువ్వే బిగిస్తివి. ఏం చేసినావు దాన్ని?"

"నేనేం జెయ్యలే సార్. నిప్పు లేస్తున్నదని నిన్న విప్పి జర పాలిష్ బట్టతోటి రుద్దిన, గంతే."

"రుద్దినావు! చెయ్యి ఈడ, మనసు ధర్నాలో. ఆగమాగంగా గీరిపెట్టి, కండువా ఏసుకోని పోయుంటావు. వేరేవాళ్ళ పని అయింటే ఎట్లనో పోనీలే అనుకుందును. సొంత పెండ్లాం పానం కదప్పా! ఆమె కన్నా నీకు జెండా ఎక్కువైపాయనా?"

ఇన్నేళ్ళలో మునిస్వామి అతన్ని పరాయివాడిగా చూసింది లేదు. ఇంట్లో పండక్కి బొబ్బట్లు చేస్తే ఆయన భార్య శారదమ్మ మొదటి పొట్లం సాయమ్మకే కట్టి పంపేది. అలాంటి మనిషి నోటివెంట ఆ మాట రావడం కన్నా, ఆ మాట నిజమేనేమో అన్న అనుమానం రాజయ్యను ఎక్కువ కోసింది.

ట్యూబు విప్పారు. కప్పు బయటికి తీశారు. అది క్యాథోడు కప్పు, కుంకుమ భరిణె అంత ఉంటుంది. నడుమ సన్న తీగ వేడెక్కుతుంది, ఆ తీగ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి ఎదుటి పలక మీద పడితే ఎక్స్‌రే పుడుతుంది. ఎలక్ట్రాన్లు తీగ నుంచే రావాలి, కప్పు నుంచి రాకూడదు. షెడ్డులో ఇంజనీరు దీవెన దాన్ని పట్టకారుతో ఎత్తి మైక్రోస్కోపు కింద పెట్టింది. దీవెన గుంటూరు పిల్ల. పక్క మేడలో కంప్యూటరు ఉద్యోగం బోరు కొట్టి, చదివిన ఫిజిక్సు పనికొస్తుందని ఇక్కడికి వచ్చి చేరింది. ముందు మునిస్వామి వంగి చూసి, గీతలు కనిపించగానే విసురుగా బయటికి పోయాడు.

"రాజయ్య గారూ, ఇటు వచ్చి చూడండి."

చూశాడు. బయటికి అద్దంలా తళతళలాడే కప్పు, మైక్రోస్కోపులో దున్నిన చేనులా కనిపించింది. చాళ్ళు చాళ్ళుగా గీతలు. గీతల అంచుల్లో పైకి లేచిన మొనలు. మొనల సందుల్లో ఇరుక్కున్న నలుసులు.

"మెరుస్తున్నది గద మేడం?" అన్నాడు బేలగా.

"ఇంత సన్న గీతల్ని మన కన్ను పట్టుకోలేదండీ. చల్లటి లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఊరికే బయటికి రావు. నునుపుగా ఉంటే వోల్టేజి ఒత్తిడంతా సమానంగా పరుచుకుంటుంది, అవి లోపలే ఉండిపోతాయి. మొన ఉందనుకోండి, ఒత్తిడంతా వచ్చి దాని మీదే పడుతుంది. ధర్నా రోజు జనం రోడ్డంతా పరుచుకుంటే ఏమీ కాదు, అందరూ వచ్చి ఒక్క చిన్న గేటు మీద పడితే గేటు ఆగుతుందా? అంతేనండి. మొనలోంచి ఎలక్ట్రాన్లు దూకేస్తాయి, ఆ వేడికి మొన కరిగి ఆవిరవుతుంది, ఆ ఆవిరిలోంచి నిప్పు లేస్తుంది." దీవెన అద్దంలోంచి మళ్ళీ ఒకసారి చూసింది. "ఒకటి మాత్రం అర్థం కావట్లేదండీ. ఇవి లేతు మిషను మీద పడే గీతలు కావు. మీ పాలిష్ గుడ్డ గీతలూ కావు, మీరు అడ్డంగా రుద్దుతారు. ఇవి గుండ్రంగా, చుట్లు చుట్లుగా ఉన్నాయి. ఎవరో కూర్చుని గిన్నె తోమినట్టు. ఆ నలుసులేమో, మీరు నిన్న రుద్దేసరికి ఇంకా లోపలికి దిగిపోయాయి."

గిన్నె తోమినట్టు. రాజయ్యకు పండుగ రోజు గుర్తొచ్చింది.

ఆయుధపూజ నాడు షెడ్డులో పనిముట్లన్నీ కడిగి, అమ్మవారి పటం ముందు పేర్చి, బొట్లు పెడతారు. ఏటా జరిగేదే. ఈ ఏడు రాజయ్య ఒక తప్పు పని చేశాడు. గాజు పెట్టెలోంచి తీయకూడని ఆ కప్పును ఎవరూ చూడకుండా తీసి, అమ్మవారి పాదాల దగ్గర పెట్టాడు. సాయమ్మను బతికించే వస్తువుకు ఆ తల్లి చూపు తగలాలని అతని ఆశ. కొలిమిలో కాల్చి తెచ్చిన కప్పు, నున్నగానే ఉన్నా రంగు మసకగా ఉంది. మామిడి తోరణాలు కట్టడానికి రాజయ్య బయటికి పోయాడు. వచ్చేసరికి కప్పు మెరిసిపోతోంది, పక్కన సాయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. పూజకు ఆమెను తనే వెంట తీసుకొచ్చాడు. కొంగుతో తుడిచిందేమో అనుకున్నాడు. తర్వాత స్పిరిటుతో శుభ్రంగా కడిగి బిగించాడు. తోమిందన్న ఆలోచనే రాలేదు.

సాయంత్రం మూసాపేటలో తామున్న కిరాయి గదికి పోయేసరికి సాయమ్మ గడప మీద కూర్చుని ఉంది. మెడకు చీర పేలిక చుట్టుకుంది. గంజి తప్ప ఏదీ మింగుడు పడక మనిషి పుల్లలా అయిపోయింది, కళ్ళు మాత్రం మునుపటివే.

"ఏమయ్య, ఎక్కిందా కరెంటు?"

"ఎక్కుతది తీ." చెప్పులు విప్పుతూ, ఏమీ ఎరగనట్టు అడిగాడు. "సాయమ్మా, పండుగ నాడు ఆ చిన్న కప్పును దేనితోటి తుడిచినవే?"

సాయమ్మ ముఖం వెలిగిపోయింది. అతను ఎప్పుడడుగుతాడా అని చూస్తున్నట్టే ఉంది.

"తుడుసుడేంది? తోమిన! గంత నల్లగున్న దాన్ని తల్లి ముంగట ఎట్ల పెడ్తవయ్య? చాయ కాసే పొయ్యి కాడ బూడిద దెచ్చి, నిమ్మతొక్క ముంచి, దేవుని గిన్నెల లెక్క తోమిన. నా మిషిన్‌ల పడేదని నువ్వే గద జెప్పినవ్. నా పానం బాగుజేసే దానికి నా చెయ్యి పడాలె గద." గొంతు నొప్పి పుట్టి ఆగింది, మళ్ళీ నవ్వింది. "మెరిసిందా లేదా? నిజం జెప్పు."

ఏం చెప్తాడు? బూడిదలో ఉన్న ఇసక నలుసులే నీ గొంతు మీదికి వచ్చాయని చెప్తాడా? ఆ తల్లి కాళ్ళ దగ్గర నీ చేత్తో నువ్వే పాడుచేసుకున్నావని చెప్తాడా? చెప్పాడంటే ఆ మనిషి ఆ రాత్రి నుంచే గంజి కూడా మానేస్తుంది. రాజయ్యకు తన భార్య సంగతి తెలుసు.

"మస్తు మెరిసింది," అన్నాడు. నీళ్ళు తాగే నెపంతో లోపలికి పోయి, బిందె మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, నోట్లో కండువా కుక్కుకుని ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే దీవెనకు మాత్రం చెప్పాడు. ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "సార్‌కి చెప్పేస్తానండీ. ఆయన మిమ్మల్ని అన్న మాటలు నేను విన్నాను."

"వద్దు మేడం, మీకు దండం పెడ్త. సార్‌కు తెలిస్తే శారదమ్మకు తెలుస్తది, ఆమెకు తెలిస్తే ఇగ సాయమ్మకు తెల్వక ఆగుతదా? నా పేరే ఉండనియ్యుండ్రి. కప్పును పెట్టెలకెల్లి తీసింది నేనే గద."

దీవెన తల పట్టుకుంది. కొత్త కప్పు చేయిద్దామంటే బాలానగర్ లేతులకు కరెంటు లేదు. చేసినా గాలి లేని కొలిమిలో కాల్చాలి, ఆ కొలిమి ఉన్నచోట తాళం వేసుంది. ఇంకా పాలిష్ పెడితే అంచు అరిగి కప్పు ఆకారమే పోతుంది. ఇక మిగిలింది ఒకే దారి. ట్యూబులో గాలి లాగుతూనే వోల్టేజిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. మొనల్లోంచి కారే సన్నటి కరెంటు ఆ మొనలనే కాల్చి మొద్దుబారుస్తుంది. ఒక మెట్టు నిలిస్తే ఇంకో మెట్టు. తొందరపడితే పెద్ద నిప్పు లేచి కప్పు మొత్తానికే పోతుంది. మధ్యలో పంపు ఆగిందా, కథ మళ్ళీ మొదటికి.

పంపు ఆగకూడదంటే రోజంతా ఆగని కరెంటు కావాలి. సమ్మె రోజుల్లో ఆగని కరెంటు ఎక్కడుంది? తలెత్తితే కనిపిస్తూనే ఉంది. గోడ అవతల అద్దాల మేడలో జనరేటర్లు రేయింబవళ్ళు ఘోష పెడుతున్నాయి.

మునిస్వామి ఈ ఉపాయం వరకే విని తల ఊపాడు. "చేయండి. అయితే రాజయ్యా, ఒక మాట. ఈ ట్యూబు ఏమైనా కానీ, ఇది అయినాక నువ్వు నా షెడ్డుకు రావద్దు. నిన్ను చూస్తా ఉంటే నా కడుపు మండుతా ఉంది."

"సరే సార్," అన్నాడు రాజయ్య. ఆ సరే ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి మునిస్వామికి ఇంకా ఒళ్ళు మండింది.

మేడలో జనరేటర్లు చూసేవాడు ఈశ్వరయ్య, వరంగల్ మనిషి. రాజయ్య చెప్పింది విని మారుమాట్లాడలేదు. "మా మేనేజర్‌కు తెల్వొద్దు," అని ఒక్క మాట అని, గోడ మీదుగా కేబులు జారవిడిచాడు.

ఆ మర్నాడు పొద్దున మొదలుపెట్టారు. దీవెన మీట దగ్గర, మునిస్వామి పంపు దగ్గర, రాజయ్య ముల్లు ముందు. గింజంత పెంచడం, ఆగడం, కారే కరెంటు తగ్గేదాకా ఊపిరి బిగబట్టడం, మళ్ళీ గింజంత పెంచడం. చిన్న చిన్న నీలం మెరుపులు లోపల మిణుకుమంటున్నాయి. ఒక్కో మెరుపు చావబోయే మొనో, చంపబోయే నిప్పో రాజయ్యకు తెలియదు. మధ్యాహ్నానికి ముల్లు సగం దాటింది. ఆ తర్వాత ఇంకొంచెం. మునిస్వామి కూడా కోపం మరిచి "నిలిచిందబ్బా" అన్నాడు.

అప్పుడు వినిపించాయి డప్పులు.

బంద్ పాటించని మేడలను మూయించడానికి ఊరేగింపు వస్తోంది. వచ్చీ రాగానే అద్దాల మేడ గేటు మీద పడ్డారు. "జనరేటర్ బంద్ చెయ్యాలె!" ఒక్కటే కేక. ఈశ్వరయ్య గోడ మీంచి తల పెట్టి, ముఖాన నెత్తుటి చుక్క లేకుండా, "రాజన్నా, ఆపమంటున్నరే! లోపటికి వస్తే వాళ్ళే ఆపుతరు!" అన్నాడు.

రాజయ్య పరుగెత్తాడు. చెప్పులు లేవు, ఒంటి నిండా నూనె మరకలు. గేటుకూ జనానికీ నడుమ పోయి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. తన జెండాకే అడ్డం నిలబడాల్సి వచ్చిందే అని లోపల కుమిలిపోతున్నాడు.

"ఎవడ్రా వీడు? కంపెనీ మనిషా?"

"అరే, మన రాజయ్య!" అంది ముందు నడుస్తున్న భూలక్ష్మి. మూసాపేట బడిలో టీచరు ఆమె, వంటావార్పు నాడు అతనితోనే అన్నం వండించింది. "నువ్వేంది గిక్కడ? అడ్డం జరుగు."

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత. తెలంగాణ రావాలె. నేను గూడ అదే అంటున్న. గీ ఒక్క పూట కరెంటు ఉండనియ్యక్కా. నా పెండ్లానికి కరెంటు పెట్టే దవాఖాన మిషిన్ ఆ గోడ ఎనక ఉన్నది. ఇప్పుడు ఆగితే ఆమె లేదు. ఇగ లేదక్కా." అంత జనం ముందర రాజయ్య కింద కూలబడి, గేటు ఊచ పట్టుకుని, సిగ్గు విడిచి ఏడ్చాడు.

డప్పు ఆగింది. వెనక నుంచి ఎవరో ఏదో అనబోతే భూలక్ష్మి చెయ్యెత్తింది.

"గిన్ని దినాలు ఎందుకు జెప్పలే నువ్వు? మేమంత సచ్చినమనుకున్నవా?" అని అతన్ని కసిరి, జనం వైపు తిరిగింది. "ఈడనే కూసుందాం. లోపటికి ఎవ్వరు పోవద్దు, లోపటోళ్ళు ఎవ్వరు బయటికి రావద్దు. ఆ మిషిన్ మాత్రం నడవనియ్యుండ్రి. కొట్టుర్రా డప్పు!"

రోడ్డు నిండా పరుచుకుని కూర్చున్నారు. ఆ డప్పు వింటూనే షెడ్డులో ముల్లు పైకి పాకింది. ఎర్ర గీత దగ్గరపడింది. ఇంకో నాలుగు మెట్లు ఉందనగా కారే కరెంటు ఉన్నట్టుండి ఎగిసింది. దీవెన చప్పున వెనక్కి దించింది. మళ్ళీ మెల్లగా ఎక్కించింది. మళ్ళీ అక్కడే.

"ఇంతేనండి. లోపలికి దిగిన నలుసులు కాలట్లేదు. ఇంకా పెంచితే ఉన్నది కూడా పోతుంది."

"జర మేడం, ఇంక జర," అన్నాడు రాజయ్య. దీవెన తల అడ్డంగా ఊపింది. ఆ చివరి నాలుగు మెట్లనూ ఆపుతున్న బూడిదను లోపలికి దించింది తన పాలిష్ గుడ్డేనని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

ట్యూబు ఆసుపత్రికి చేరింది. డాక్టరు రాజయ్యను పక్కకు పిలిచాడు. "శక్తి తగ్గింది కదయ్యా, పైపైన బాగానే పనిచేస్తుంది. లోపలి దాకా ఎంత పోతుందో నేను చెప్పలేను. ఈ ఆలస్యంలో అదెంత పాకిందో కూడా తెలియదు. పెడదాం. అంతకన్నా చేయగలిగింది లేదు." రాజయ్య తల ఊపాడు.

ట్యూబు సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి మునిస్వామి కూడా వచ్చాడు. రాజయ్య వైపు చూడకుండానే పని చూసుకున్నాడు. సాయమ్మను తెచ్చి బల్ల మీద పడుకోబెడుతుంటే ఆయనను చూసి లేవబోయింది.

"నమస్తె సారు. మా ఆయన జెప్పిండా మీకు? గా లోపటి కప్పు ఉన్నది సూడుండ్రి, పండుగ నాడు నేనే తోమిన. బూడిద పెట్టి తోమితే గిట్ల మెరిసింది." రెండు వేళ్ళు గుండ్రంగా గాలిలో తిప్పి చూపించింది.

గుండ్రంగా తిరుగుతున్న ఆ రెండు వేళ్ళనే మునిస్వామి చూస్తూ ఉండిపోయాడు. మైక్రోస్కోపు కింది గీతలు ఆయనా చూసినవే. మెల్లగా తల తిప్పి రాజయ్య ముఖంలోకి చూశాడు. రాజయ్య కళ్ళతోనే దండం పెట్టాడు. వద్దు సార్, వద్దు.

మునిస్వామి సాయమ్మ వైపు తిరిగాడు. "అవునమ్మా. నీ చెయ్యి పడబట్టే ఈ మాత్రం పనిచేస్తా ఉంది."

"నేను జెప్పలే?" అంది సాయమ్మ మొగుడి వైపు గర్వంగా చూసి. మునిస్వామి వచ్చి రాజయ్య పక్కన నిలబడ్డాడు. అన్న మాటలు వెనక్కి తీసుకునే దారి ఆయనకు తెలియదు. రాజయ్య చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు.

కిరణాలు దాటని సీసం తలుపు మూయబోతున్నారు. లోపలి నుంచి సాయమ్మ మళ్ళీ పిలిచింది.

"సారూ! వచ్చే దసరకు గూడ నేనే తోముత. ఇంకెవ్వరిని ముట్టనియ్యకుండ్రి."

"నువ్వే తోముదువులే తల్లీ," అన్నాడు మునిస్వామి. "ఎవర్నీ ముట్టనియ్యను."

తలుపు మూసుకుంది. పైన ఎర్ర దీపం వెలిగింది. రాజయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.